వెనక స్ప్రాకెట్‌కి ఎన్ని పళ్ళు?

చిరంజీవి చిన్నోడికి,

అమ్మ దీవించి రాసేదేమంటే, ఇక్కడ మనుషులమందరం బాగానే ఉన్నాం, యంత్రాలకే ఒంట్లో నలతగా ఉంది. లేతు బెల్టు మళ్ళీ తెగింది. నీ ఒళ్ళు, నీ తిండి, నీ నిద్ర అన్నీ సవ్యంగా ఉన్నాయని అనుకుంటున్నాను. అనుకోవడమే కానీ నమ్మకం లేదు. ఎందుకు లేదో ఈ ఉత్తరం చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

నీ బండి ఇవాళ పొద్దున లారీ ఎక్కింది. మిగతా సరుకు నిండాక మధ్యాహ్నం బయలుదేరుతుందట. డ్రైవరు టీ తాగి, మన షాపు ముందు బల్లమీద కునుకు తీస్తున్నాడు. ఆయన లేచేలోపల ఇది రాసి ఆయన జేబులో పెట్టాలి. ముందు ఉత్తరం నీ చేతికివ్వమని, నువ్వు మొత్తం చదివాకే బండి తాళ్ళు విప్పమని చెప్పాను. "అంత ముఖ్యమైతే ఫోను చెయ్యొచ్చు కదమ్మా" అన్నాడు. ఫోనులో నువ్వు "సరే అమ్మా, సరే అమ్మా" అంటావు. ఆ సరే అమ్మాలు నాలుగు వినేసరికి చెప్పాలనుకున్నది నేనే మర్చిపోతాను. పైగా మీ నాన్నకి వినపడాలని మనింట్లో ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే పెడతాం. ఇది ఆయన వినే మాట కాదు, ఇప్పుడప్పుడే కాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాస్తాను. లేకపోతే "అమ్మ నా ఉత్తరం సరిగ్గా చదవదు" అని అక్కకి చాడీలు చెప్తావు.

అక్క కూతురు నడుస్తోందా అని అడిగావు. నడవడం లేదు, ఏకంగా పరుగెడుతోంది. మేనమామ పోలిక. మొన్న షాపుకి తీసుకొస్తే నట్ల డబ్బాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బోర్లించింది. నేనూ మీ బావా గంటసేపు నేలమీద కూర్చుని ఏరాం. మీ బావకి ఎనిమిదో నంబరుకీ పదో నంబరుకీ తేడా తెలియదు, అన్నీ ఒకే డబ్బాలో పోశారు. అల్లుడుగారు కదా, ఏమంటాను? ఆయన వెళ్ళాక మళ్ళీ కుమ్మరించి నేనే వేరు చేసుకున్నాను.

నాన్న చెవి మిషను పెట్టుకుంటున్నారా అని అడిగావు. పెట్టుకుంటున్నారు, సొరుగులో. మనుషుల మాటలు వినపడకపోతే ప్రాణానికి హాయిగా ఉందట. ఇంజిన్ల మాటలకి మాత్రం ఆయనకి ఏ మిషనూ అక్కర్లేదు. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీదా, పిడి చెవి వెనక ఎముక మీదా ఆనించి కళ్ళు మూసుకుంటే చాలు. లోపల ఏ ముక్క ఏ ముక్కతో పోట్లాడుతోందో చెప్పేస్తారు.

నా నడుం సంగతి కూడా అడిగావు. వంగితే లేవదు, లేస్తే వంగదు. అందుకని మీ నాన్న నా పనిబల్ల కాళ్ళకింద ఇనప దిమ్మలు పెట్టి జానెడు ఎత్తు పెంచారు. ఇప్పుడు నిలబడే సిలిండర్ల లోపలి గోడ కోసి బోరు చేస్తున్నాను. నీ సిలిండరే ఆ బల్లమీద మొదటి పని.

ఇక నీ ఇంజిన్ దగ్గరకి వస్తాను. బండితో పాటు నువ్వు పంపిన కాగితాన్ని బల్ల ఎదురుగా గోడకి మేకు కొట్టి పెట్టుకున్నాను. "అమ్మా, కొండమీద ఊళ్ళకి మందుల పెట్టెలు మోయాలి. బండి లాగడం లేదు. మలుపుల దగ్గర ఊపిరాడనట్టు చేస్తోంది. పవరూ టార్కూ రెండూ పెరిగేలా నువ్వే కట్టాలి" అని రాశావు. దానికింద పది ముక్కల జాబితా. చదవగానే నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. మందుల కోసం ఎదురుచూసే మనుషులు, వాళ్ళకోసం కొండెక్కే నా కొడుకు, వాడికింద నేను కట్టిన ఇంజిన్. పక్క షాపు వెల్డింగ్ ఆయన్ని పిలిచి మరీ చదివి వినిపించాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది.

బోరు ఎంతదాకా పెంచొచ్చు అని అడిగావు. మూడు మిల్లీమీటర్లు పెంచాను. అంతకుమించితే గోడ పలచబడి వేడికి వంకరపోతుంది. ఒక్కసారిగా కొయ్యలేదు. కొంచెం కోసి, చల్లారనిచ్చి, కొలిచి, మళ్ళీ కోశాను. చివరి వెంట్రుకవాసి రాయితో తీశాను. లోపల సన్నటి అడ్డగీతలు పడ్డాయి, నూనె నిలిచేది ఆ గీతల్లోనే కదా. వేడినీళ్ళతో, సబ్బుతో కడిగి తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉంది. మీ నాన్న ఆ గుడ్డని వెలుతురుకి పట్టి చూసి, "దీంతో చొక్కా కుట్టించుకోవచ్చు" అన్నారు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన నా పనిని మెచ్చుకున్నది ఇది మూడోసారి. నేను లెక్కపెట్టడం లేదు, ఊరికే గుర్తుంది.

అలా హుషారుగా ఒక్కొక్క ముక్కా చేసుకుంటూ పోయి, తొమ్మిదో ముక్క దగ్గర ఆగిపోయాను. "వెనక స్ప్రాకెట్: నలభై రెండు పళ్ళది తీసేసి ముప్పై ఏడుది వెయ్యి."

ఒరేయ్, ఈ బల్ల దగ్గర నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. వెనక చైను చక్రానికి పళ్ళు పెరిగితే బండి బరువు లాగుతుంది, పరుగు తగ్గుతుంది. పళ్ళు తగ్గితే పరుగు పెరుగుతుంది, లాగుడు పోతుంది. నీకు ఎనిమిదేళ్ళప్పుడు సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఈ పాఠం చెప్పింది నేనే. వెనక పెట్టెలు కట్టుకుని కొండెక్కేవాడు పళ్ళు పెంచమంటాడు కానీ తగ్గించమంటాడా? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నీ అబద్ధానికి ఐదు పళ్ళు తక్కువయ్యాయి.

ఆ తర్వాత మిగతా జాబితా మళ్ళీ చదివాను, ఈసారి కళ్ళద్దాలు తుడుచుకుని. వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ నువ్వే కొని పంపావు. దాంతో ఇంజిన్ గింగిరాలు తిరిగేటప్పుడు తప్ప నిండుగా ఊపిరి తీసుకోదు. బరువుతో నెమ్మదిగా ఎక్కేవాడికి అది శత్రువే. అడ్డులేని సైలెన్సర్ అడిగావు. జబ్బుపడ్డవాళ్ళున్న ఊళ్ళోకి చెవులు చిల్లులుపడే చప్పుడుతో ఎవడైనా పోతాడా? చివర "ఇరవయ్యో తేదీ లోపల తప్పకుండా" అని రాసి కింద రెండు గీతలు గీశావు. జబ్బులకి ఇరవయ్యో తేదీ ఎవరు పెట్టార్రా?

అయినా నమ్మబుద్ధి కాలేదు. కన్నూ ముక్కూ ఎదురుగా చూపించినా తల్లి ఇంకో కారణం వెతుక్కుంటుంది. చేతి పొరపాటేమో, నలభై ఏడు రాయబోయి ముప్పై ఏడు రాశాడేమో అనుకున్నాను. మర్నాడు ఈ డ్రైవరే పాత ఇనుము దించడానికి వచ్చాడు. నన్ను చూడగానే పెద్దగా నవ్వి, "మీ పిడుగు ఎలా ఉన్నాడమ్మా, బండి లేక గిలగిల్లాడుతున్నాడా?" అన్నాడు.

"పిడుగెవరు?" అన్నాను.

"మీవాడేనమ్మా. అక్కడ అందరూ అలాగే అంటారు. ఆదివారం ఆనకట్ట రోడ్డు మీద మీవాడి వెనక ఎవడు..." అని, నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. "అంటే, మందులు తొందరగా తెస్తాడని అలా పిలుస్తారు."

"ఆనకట్ట మీద జబ్బుపడ్డవాళ్ళెవరున్నారు?" అని అడిగాను. పాపం, ఆయన నీకన్నా అధ్వానం, ఒక్క అబద్ధం కూడా రెండు వాక్యాలు నిలబెట్టలేడు. అంతా చెప్పేశాడు. ఇరవయ్యో తేదీన పెద్ద పందెం ఉందని, చుట్టుపక్కల ఊళ్ళనుంచి వస్తున్నారని. మందులు మోయడం కూడా నిజమేనట, వారానికి రెండు రోజులు. ఆ సంగతి విని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మీద కోపం తెచ్చుకోకు. నేను అడిగే తీరుకి పోలీసులు కూడా నిజం చెప్పేస్తారు.

ఆనకట్ట రోడ్డు నేను చూడలేదు. చూసినదానికన్నా చూడనిదానికే భయం ఎక్కువ. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క లోయ అని నాకు నేనే గీసుకున్నాను. రోజుకో రకంగా గీస్తున్నాను, రోజురోజుకీ ఆ రోడ్డు సన్నబడుతోంది. మొన్న వేరేవాళ్ళ సిలిండర్ కొలుస్తూ రెండుసార్లు అంకె తప్పు రాశాను. మూడోసారి కూడా తప్పితే ఆ రోజుకి షట్టర్ దించేసేదాన్ని.

ఇన్ని తెలిసి కూడా నీ జాబితా ప్రకారమే ఇంజిన్ కట్టాను. నేను కట్టకపోతే ఇంకెవడి దగ్గరకో పోతావు, వాడు చేతికొచ్చినట్టు కట్టి పంపుతాడు అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం పొగరు. అలాంటి ఇంజిన్ ఒక్కటైనా మొత్తంగా నా చేతులతో కట్టాలని ఎప్పటినుంచో ఉంది. ఈ బల్లకి అందరూ ముక్కలు తెస్తారు, బోరు చేయించుకుని పట్టుకెళ్ళిపోతారు. అది చివరికి ఎలా పాడుతుందో నేను వినను.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు మీ నాన్న స్క్రూడ్రైవర్ ఆనించి చాలాసేపు విన్నారు. కళ్ళు తెరిచి, "ఏమే, ఇది మందులు మోసే గొంతు కాదే" అన్నారు.

"కార్బురేటర్ ఇంకా సర్దలేదు లెండి" అన్నాను.

"సర్దితే పోయేది దగ్గు. గొంతు మారదు" అన్నారు.

నేను వినపడనట్టు తల తిప్పుకున్నాను. మనింట్లో వినపడకపోవడం ఆయన సొత్తు కదా, నేను కాస్త అరువు తెచ్చుకున్నాను. ఆ రోజు భోజనం చేస్తూ "పిల్లాడు ఉత్తరంలో ఇంకేం రాశాడు?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ "బాగానే ఉన్నాడట" అన్నాను. నీ అబద్ధానికి నేను కాపలా కాశాను, చూశావా?

డ్రైవరు లేచి మొహం కడుక్కుంటున్నాడు. ఇంతదాకా తిప్పితిప్పి రాశాను, ఇక దాచడానికి వీల్లేదు. చిన్నోడా, ఆ బండిని నేను నడిపాను.

ఆదివారం పొద్దున, అప్పుడే తెల్లవారింది. గోదాముల వెనక రోడ్డు నీకు తెలుసు, సెలవురోజు పిట్ట కూడా ఉండదు. మీ నాన్న హెల్మెట్ నాకు వదులు, లోపల తువ్వాలు కుక్కుకుని పెట్టుకున్నాను. నలభై కిలోమీటర్ల వేగం దాటి ఎప్పుడూ నడిపినదాన్ని కాదు. కార్బురేటర్ సరిగ్గా ఉందో లేదో చూసి వెనక్కి వచ్చేద్దామనే వెళ్ళాను, ఒట్టు. మొదటి గేరు, రెండో గేరు మామూలుగానే పోయాయి. మూడో గేరులో ఇంజిన్ చుట్లు చూపించే సూది ఆరువేలు దాటగానే ఇంజిన్ ఇంకో ఊపిరి తీసుకుంది. వెనకనుంచి ఎవరో నడుం మీద చెయ్యేసి తోసినట్టయింది. నేను కోసిన బోరు, నేను గీసిన గీతలు, నేను బిగించిన బోల్టులు అన్నీ కలిసి ఒకే మాట అంటున్నాయి. అరవై, ఎనభై, తొంభై.

నేను నవ్వాను. హెల్మెట్ లోపల, పైకి, గట్టిగా నవ్వాను. నడుంనొప్పి గుర్తులేదు, తెగిన బెల్టు గుర్తులేదు, నా వయసు గుర్తులేదు. నువ్వు కూడా గుర్తులేవు. ఏ తల్లీ కొడుక్కి రాయకూడని మాట ఇది. కానీ జరిగింది అదే. నిన్ను చంపుతుందేమోనని నాకు నిద్ర లేకుండా చేసిన బండి మీద కూర్చుని, పావు నిమిషం నిన్ను మర్చిపోయాను.

తర్వాత గోదాము గేటు కనపడింది. బ్రేకు పట్టాను. అలవాటైన చోటే పట్టాను, కానీ అది అలవాటైన వేగం కాదు కదా. ముందు బ్రేకు నీ పాతదే, పాత ఇంజిన్‌కి సరిపోయేది. చక్రం కుయ్యోమంది, బండి మాత్రం తన దారిన తాను పోతూనే ఉంది. గేటు దాటింది. వాచ్‌మన్ టీ గ్లాసు వదిలేసి గోడెక్కాడు. ఖాళీ గోనెసంచుల కుప్ప ఉండబట్టి బతికాను, అందులోకి దూరి ఆగాను.

వాచ్‌మన్ గోడమీదనుంచే, "అమ్మా, గేటు అక్కడుంటే ఇటెక్కడికి పోతున్నారు?" అన్నాడు.

"బ్రేకులు చూద్దామని" అన్నాను.

"చూశారా?"

"లేవు."

ఆయన నవ్వాడు. నేను హెల్మెట్ తీసి, లోపల కుక్కిన తువ్వాలు చేతికి చుట్టుకున్నాను. ఎడమ అరచెయ్యి చర్మం లేచిపోయింది, మోకాలు వాచింది. మీ నాన్నకి షాపులో నూనె మీద జారానని చెప్పాను. అబద్ధాలు నీకు ఎవరి పోలికో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ గోనెసంచుల మీద కూర్చున్నప్పుడు బట్టల కొట్టాయన కొడుకు గుర్తొచ్చాడు. ఈ సంగతి నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. పోయినేడు అతను సిలిండర్ పట్టుకొచ్చి, "పవర్ పెంచండమ్మా" అన్నాడు. ఎందుకని అడగలేదు. ఏ రోడ్డు మీద నడుపుతావు అని అడగలేదు. బోరు చెయ్యమన్నాడు, చేశాను. బ్రేకులు చూడమనలేదు, చూడలేదు. నెలన్నర తర్వాత ఆ బండి తోపుడుబండి మీద మన షాపుకి వచ్చింది. ముందు చక్రం మడతపడి ఉంది. వాళ్ళ నాన్న బయటే నిలబడి, "ఇంజిన్ బాగుందేమో చూడమ్మా, అమ్మేద్దాం" అన్నారు.

విప్పి చూశాను. లోపల ఏమీ కాలేదు. ఒక్క గాటు లేదు. నేను గీసిన అడ్డగీతలు గీసినవి గీసినట్టే మెరుస్తున్నాయి. "బాగుందండీ" అన్నాను. నా పనికి ఏమీ కాలేదు, వాళ్ళబ్బాయి రెండు కర్రలమీద నడుస్తున్నాడు. మన వీధిలోకి వస్తే నేను లేతు వైపు తిరిగిపోతాను. ఒకసారి అతనే ఆగి, "నమస్తే అమ్మా" అన్నాడు. బెల్టు చప్పుడులో వినపడనట్టు ఉండిపోయాను. ఆ అబ్బాయికి నా మీద కోపం ఉన్నా బాగుండేది.

కాబట్టి నీమీద నా కోపం నువ్వనుకుంటున్న చోట లేదు. నువ్వు నిజం రాసి ఉంటే ముందు తిట్టేదాన్ని. వారంరోజులు మాట్లాడేదాన్ని కాదు. ఆ తర్వాత, నీ మొండితనం నాకు తెలుసు కనుక, బ్రేకులు చూసేదాన్ని. ముందు చక్రానికి డిస్కు వేసేదాన్ని, ఫోర్కులో గట్టి స్ప్రింగులు వేసేదాన్ని, పట్టున్న టైర్లు తెప్పించేదాన్ని. నీ జాబితాలో పది ముక్కలున్నాయి, పదీ పరుగెత్తడానికే. ఆగడానికి ఒక్కటీ లేదు. మందులు మోసేవాడికి డిస్కు బ్రేకు ఎందుకని అమ్మ అడుగుతుందని రాయలేదు. అంతే కదా? నీ అబద్ధంలో బ్రేకులకి చోటు లేకపోయింది. అది ఇరవయ్యో తేదీ దాకా నాకు తెలియకుండా ఉండి ఉంటే నేను ఇంకోసారి "ఇంజిన్ బాగుందండీ" అనాల్సి వచ్చేది.

సోమవారం ఇంజిన్ మొత్తం విప్పేశాను. విప్పి, నువ్వు రాసిన మాటని అక్షరం అక్షరం నమ్మి మళ్ళీ కట్టాను. కొండెక్కాలన్నావు, వెనక నలభై ఏడు పళ్ళు వేశాను, చైనుకి రెండు లింకులు కలిపాను. బరువు లాగాలన్నావు, నీ పాత క్యామే పెట్టాను, కింది వేగాల్లోనే పట్టు దొరికేలా పాత కార్బురేటరే పెట్టి సర్దాను. క్లచ్ స్ప్రింగులు కొత్తవి. సైలెన్సర్ పాతదే, రోగులు నిద్రపోతారు. మందుల పెట్టెలకి వెనక ఇనప చట్రం కూడా వెల్డింగ్ ఆయన చేత చేయించాను. ఆయన నీ మీద గౌరవంతో రెండు పూతలు రంగు వేశాడు.

బోరు మాత్రం పెద్దదే, అది ఎటూ వెనక్కి రాదు. కాబట్టి ఈ బండి గోడ చూపించినా ఎక్కుతుంది. కానీ డెబ్భై ఐదు దాటదు, ఆ వేగానికి నీ పాత బ్రేకు చాలు. దాటించాలని చూస్తే ఇంజిన్ గోలపెడుతుంది, ఆ గోల నాదే అనుకో. మొదటి గేరులో ఒక్కసారిగా రేజ్ చేయకు, ముందు చక్రం లేస్తుంది. వెనక బరువున్నప్పుడు ఇంకా జాగ్రత్త. మొదటి అయిదువందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి నూనె మార్చు. దీనిమీద ఆనకట్ట రోడ్డుకి పోతే అందరికన్నా వెనక వస్తావు. వెనక వస్తే నాకు పరవాలేదు. కానీ రోషానికి పోయి, పరుగులో దొరకనిది మలుపుల్లో సంపాదిద్దామని బ్రేకు పట్టకుండా తిప్పుతావేమోనని ఇంకో భయం పట్టుకుంది. తాళ్ళు విప్పకముందే నువ్విది చదవాలన్నది అందుకే. తెలియకుండా ఎక్కకూడదు. ఇరవయ్యో తేదీన ఈ బండి మీద పందెం గీత దగ్గర నిలబడకు. పిడుగుకి ఒంట్లో బాగోలేదని చెప్పు. ఒక్క అబద్ధం నా కోసం ఆడు, నీకు అలవాటేగా.

ఆ ముప్పై ఏడు పళ్ళ స్ప్రాకెట్, నువ్వు పంపిన క్యామ్, నీ జాబితాలోని పెద్ద కార్బురేటర్ నూనె కాగితంలో చుట్టి నా దగ్గర పెట్టుకున్నాను. పారేద్దామనే తీశాను. చెయ్యి రాలేదు. "పందేలు మానెయ్" అని రాయడానికి కూడా మూడుసార్లు మొదలుపెట్టాను. గోదాము రోడ్డు మీద పగలబడి నవ్విన మనిషి ఏ మొహంతో రాస్తుంది? "వెళ్ళు" అనడానికీ నోరు రాదు. ఈ రెంటి మధ్యా నలిగి చస్తున్నాను.

అందుకని ఒకటే అడుగుతాను. పెద్ద ఉత్తరం రాయకు, వాక్యాలు రాస్తే మళ్ళీ అతికిస్తావు. కార్డు మీద ఒక్క అంకె రాసి పంపు. నలభై ఏడు అని రాస్తే ఈ బండి నీది, మందులు మోసుకో, నేను కంటినిండా నిద్రపోతాను. ముప్పై ఏడు అని రాస్తే బండి తీసుకుని నువ్వే రా. ఆ కార్డు వచ్చిన రోజే మీ నాన్నకి నేనే అన్నీ చెప్తాను, నా మోకాలితో సహా. ఆయన అరుస్తారు, పడదాం. తర్వాత బల్లకి ఆ పక్క నువ్వూ ఈ పక్క నేనూ నిలబడి కడదాం. బ్రేకులతో మొదలుపెడదాం, ఇంజిన్ ఆఖర్న. అంతా అయ్యాక గోదాము రోడ్డు ఆ చివరనుంచి నువ్వు రావాలి, నీకు ఎంత వేగం కావాలో అంత వేగంతో. గేటు దగ్గర గోనెసంచులుండవు. నేను నిలబడతాను. నా ముందుకి వచ్చి ఆపాలి. ఆపగలిగితే తీసుకుపో, ఇంక ఆ రోడ్డు గురించి నిన్ను ఒక్క మాట అడగను.

డ్రైవరు హారను కొడుతున్నాడు, మీ నాన్న లోపలినుంచి "ఎంతసేపు రాస్తావే" అంటున్నారు. ఏ అంకె పంపినా తిట్లు మాత్రం తప్పవు. కానీ నిజమైన అంకె పంపు నాన్నా. ఇంకోసారి నీ పళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చునే ధైర్యం నాకు లేదు.

ఇట్లు,
నిన్ను నమ్మాలని ఉన్న
మీ అమ్మ